పర్వత లోయలో కఠినమైన ఒక్కరోజు నడక: తిరుగు ప్రయాణం నుంచి మొదలుపెట్టి ప్రణాళిక వేసుకునే విధానం

శిఖరం ఎక్కేవారికి కష్టం మొదటి గంటలోనే ఎదురవుతుంది. లోయలో నడిచేవారి విషయం అలా కాదు. అడవి నీడలో, ఏటి ఒడ్డున, చదునుగా సాగే బాటతో వారి నడక మొదలవుతుంది. కాళ్లలో బలం, సీసాలో నీళ్లు, చేతిలో సమయం నిండుగా ఉన్న వేళ దారి కూడా సులువుగానే ఉంటుంది. అసలు కష్టమంతా లోయ తలభాగంలో, అంటే బయలుదేరిన చోటికి అన్నింటికంటే దూరంగా, ఒంట్లోని సత్తువ సగం ఖర్చయిన తరువాత వస్తుంది. అక్కడ కాలు మడతపడినా, మబ్బు కమ్మినా, దాటి వచ్చిన వాగు పొంగినా బయటపడే దారి సాధారణంగా ఒక్కటే, అదీ వచ్చిన దారే. అందువల్ల ఇటువంటి నడకకు ప్రణాళికను గమ్యం నుంచి కాక, తిరుగు ప్రయాణం నుంచి మొదలుపెట్టాలని నేను నమ్ముతాను. ఈ మార్గదర్శి అంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

కొండదారుల్లో ఐదారు గంటలు నడిచిన అనుభవం ఉండి, మొదటిసారిగా బండరాళ్లు, వాగులు, బాట కనిపించని చోట్లు ఉన్న లోయలోకి వెళ్లాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. తాళ్లు కట్టుకుని ఎక్కవలసిన గోడలకు, హిమానీనదం మీద నడవడానికి వేరే శిక్షణ కావాలి కనుక వాటి జోలికి పోవడం లేదు.

మొదట లోయ ఆకారాన్ని అర్థం చేసుకోవాలి

ఎత్తైన పర్వతాలలోని చాలా లోయలను ఒకప్పుడు హిమానీనదాలు తొలిచాయి. నది తొలిచిన లోయ అడ్డుకోతలో 'వి' అక్షరంలా ఇరుకుగా ఉంటే, హిమానీనదం తొలిచిన లోయ 'యు' అక్షరంలా వెడల్పాటి అడుగుతో, నిటారు గోడలతో ఉంటుంది. పొడవునా చూస్తే అది మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది. కొంత దూరం చదును, ఆ తరువాత ఒక్కసారిగా నిటారు మెట్టు, దానిపైన మళ్లీ పళ్లెం లాంటి చదును, తరచుగా ఆ పళ్లెంలో ఒక సరస్సు ఉంటాయి. చిట్టచివర మూడు వైపులా గోడలున్న గిన్నె లాంటి చోటుతో లోయ ముగుస్తుంది. హిమానీనదం వెనక్కు తగ్గినప్పుడు వదిలిపోయిన రాయి, ఇసుక, మట్టి కలగలిసిన దిబ్బలను మొరైన్లు అంటారు. వాటిలో రాళ్లు ఒకదానికొకటి గట్టిగా కరుచుకుని ఉండవు కాబట్టి, పైకి స్థిరంగా కనిపించే బండ కూడా అడుగు వేయగానే కదలవచ్చు.

ఈ ఆకారం తెలిస్తే దారి ఎక్కడ ఎలా ఉంటుందో ఇంట్లో కూర్చునే చాలావరకు ఊహించవచ్చు. చదునైన పళ్లెంలో వాగు పాయలుగా చీలి, నేల చిత్తడిగా ఉంటుంది. మెట్టు దగ్గర అదే వాగు ఇరుకైన గండిలోంచి దూకుతుంది, బాట ఏదో ఒక పక్కన మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. పక్క లోయలు ప్రధాన లోయ కంటే చాలా ఎత్తులో ఆగిపోయి, వాటి నీరు జలపాతాలుగా పడుతుంది గనుక, పటంలో దగ్గరి దారిలా కనిపించే పక్క లోయ నిజానికి ఒక కొండగోడ మీద ముగుస్తుంది. అలసిపోయినవారు అడ్డదారి అనుకుని దానిలోకి దిగడం వల్ల జరిగే అనర్థాలు అన్నీ ఇన్నీ కావు.

పటాన్ని చేతిలోకి తీసుకుని

1:25,000 స్కేలు ఉన్న స్థలాకృతి పటం ఈ పనికి బాగా సరిపోతుంది. దానిలో 1 సెంటీమీటరు నేల మీద 250 మీటర్లకు సమానం. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ పటంలో గీసే కాంటూరు రేఖల మధ్య ఎత్తు తేడా ఎంతో ముందుగా చూసుకోవాలి. అది 20 మీటర్లయితే, రేఖలు 2 మిల్లీమీటర్ల ఎడంగా ఉన్న చోట వాలు సుమారు 22 డిగ్రీలు ఉంటుంది, అది కష్టమైనా నడవదగినదే. అవే రేఖలు 1 మిల్లీమీటరు దగ్గరకు వస్తే వాలు 39 డిగ్రీలకు చేరుతుంది, బాట లేకుండా అక్కడ నడవడం నడక అనిపించుకోదు. ఇంకొక సంగతి చాలామంది మరచిపోతారు. రెండు కాంటూరుల మధ్య 15 మీటర్ల కొండగోడ ఉన్నా రేఖల్లో దాని జాడే ఉండకపోవచ్చు. పటం సాఫీగా ఉందని నేల సాఫీగా ఉంటుందని అనుకోకూడదు.

పెన్సిలు పట్టుకుని దారి పొడవునా వెళుతూ, వాగు దాటే ప్రతి చోటును, వాలు మారే ప్రతి చోటును, గోడలు దగ్గరకు వచ్చే ఇరుకులను, చెట్లు ఆగిపోయే ఎత్తును, వాన వస్తే తలదాచుకోదగిన చోట్లను గుర్తు పెట్టండి. ఆ తరువాత ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూడండి. ఆ చిత్రం ఏ నెలలో తీసినదో గమనించకపోతే, మంచు కరిగిపోయిన కాలపు దారిని చూసి మంచు నిండిన కాలంలో బయలుదేరే పొరపాటు జరుగుతుంది. ఇతరులు నమోదు చేసిన జీపీఎస్ ట్రాక్ ఉపయోగపడుతుంది గానీ, దానిని రెండో సాక్షిగానే చూడాలి. ఆ మనిషి దారి తప్పి తిరిగిన గీత కూడా అందులో అంతే నమ్మకంగా కనిపిస్తుంది. దిక్సూచి వాడేవారు పటంలోని ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ మధ్య తేడా ఆ ప్రాంతంలో ఎన్ని డిగ్రీలో పటం అంచున చూసి రాసుకోవాలి.

దారి కష్టం ఎంతో తెలుసుకోవడానికి స్విస్ ఆల్పైన్ క్లబ్ రూపొందించిన టి1 నుంచి టి6 వరకు ఉన్న కొలమానాన్ని ఎన్నో చోట్ల వాడుతున్నారు. టి2 వరకు బాట స్పష్టంగా, తెగకుండా ఉంటుంది. టి3లో జారితే పడిపోయే చోట్లు ఉంటాయి, కొన్నిటి దగ్గర గొలుసులో తాళ్లో బిగించి ఉండవచ్చు. టి4లో బాట అన్నిచోట్లా కనిపించదు, అక్కడక్కడ చేతులతో పట్టుకుని ముందుకు సాగాలి. ఇప్పటివరకు మీరు నడిచిన దారుల కంటే ఒక్క మెట్టు మాత్రమే పైనున్న దారిని ఎంచుకోవడం మంచిది. కొత్త ఎత్తు, కొత్త దూరం, కొత్త రకం నేల ఈ మూడూ ఒకే రోజున మొదటిసారి ఎదురుకాకుండా చూసుకోవాలి.

కాలాన్ని లెక్కగట్టడం

మొత్తం ప్రణాళికకు ఇది వెన్నెముక కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

స్కాట్లాండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు. ఇప్పటి కొలతల్లో దానిని ఇలా వాడుతున్నారు: ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా మరొక గంట. ఇది ఆరోగ్యవంతులు మంచి బాట మీద ఆగకుండా నడిచే కాలం. విశ్రాంతి, బండరాళ్లు, వాగులు దాటడం, ఫొటోలు తీసుకోవడం ఇందులో లేవు. దిగేటప్పటి లెక్కకు బ్రిటిష్ పర్వతారోహకుడు ఎరిక్ లాంగ్‌ముయర్ చేసిన సవరణ ఉంది. 12 డిగ్రీల కంటే నిటారైన వాలు దిగేటప్పుడు ప్రతి 300 మీటర్ల దిగుడుకు 10 నిమిషాలు కలపాలి, 5 నుంచి 12 డిగ్రీల మధ్య ఉన్న వాలుకు అంతే కాలం తీసివేయాలి. అలసిన కాళ్లతో దిగుతామన్న సంగతిని దృష్టిలో పెట్టుకుని, ఆ తీసివేతను నేను ఎప్పుడూ వాడను.

లోయ అంతటికీ ఒకే లెక్క వేయడం తప్పు. నేల మారిన ప్రతిచోటా భాగాలుగా విడగొట్టాలి. ఒక ఊహాత్మకమైన లోయను తీసుకుందాం. వెళ్లడానికి 9 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 1,200 మీటర్లు. మొదటి 5 కిలోమీటర్లు అడవి బాట, అందులో 300 మీటర్ల ఎక్కుడు. ఆ తరువాత 2.5 కిలోమీటర్ల నిటారు మెట్టు, 550 మీటర్ల ఎక్కుడు. చివరి 1.5 కిలోమీటర్లు మొరైన్ దిబ్బలు, బండరాళ్లు, 350 మీటర్ల ఎక్కుడు, దాని చివర ఒక సరస్సు.

సూత్రం ప్రకారం మొదటి భాగానికి గంటన్నర పడుతుంది. రెండో భాగానికి 1 గంట 25 నిమిషాలు. మూడో భాగానికి సూత్రం 53 నిమిషాలే చెబుతుంది గానీ, బండరాళ్ల మీద అడుగు ఆచితూచి వేయాలి కాబట్టి దానిని రెట్టింపు చేసి 1 గంట 45 నిమిషాలుగా తీసుకుందాం. ఒక్కొక్క భాగానికి 15 నిమిషాల విశ్రాంతి కలిపితే సరస్సు చేరడానికి 5 గంటల 25 నిమిషాలు కావాలి. దిగేటప్పుడు బండరాళ్లకు 1 గంట 15 నిమిషాలు, మెట్టుకు సుమారు 50 నిమిషాలు, అడవి బాటకు ఒక గంట, విశ్రాంతికి 25 నిమిషాలు, అంటే మూడున్నర గంటలు. మొత్తం 8 గంటల 55 నిమిషాలు. ఇది ఏ ఆటంకమూ లేని రోజు లెక్క. దీనికి నాలుగో వంతు కలిపితే 11 గంటలు దాటుతుంది. ఉదయం 5:30కు బయలుదేరితే సాయంత్రం 4:40 ప్రాంతంలో బయటపడతాము. పటంలో రానుపోను 18 కిలోమీటర్లుగా కనిపించిన నడక తెల్లవారుజామున మొదలు కావలసిన నడక అని ఈ లెక్క వేస్తే గాని తెలియదు.

సూర్యాస్తమయం ఎప్పుడో చూసుకునేటప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం. పంచాంగం చెప్పే అస్తమయం సమతలమైన దిగంతానికి చెందినది. లోతైన లోయలో సూర్యుడు పక్క శిఖరాల వెనక్కు గంట, రెండు గంటల ముందే వెళ్లిపోతాడు. వెలుగు మిగిలి ఉన్నా వెచ్చదనం ఒక్కసారిగా పోతుంది, తడిసిన రాళ్ల మీద నీరు మళ్లీ గడ్డకట్టడం మొదలు కావచ్చు.

వెనుదిరిగే వేళను ఇంట్లోనే నిర్ణయించాలి

ఆ ఊహాత్మక లోయలోనే, బయలుదేరిన చోటికి 3 కిలోమీటర్ల దూరంలో వంతెన లేని వాగు ఒకటి ఉందని అనుకుందాం. మంచు కరిగిన నీటితో పారే వాగు తెల్లవారుజామున సన్నగా ఉంటుంది. పగటి ఎండకు మంచు కరిగే కొద్దీ మధ్యాహ్నం తరువాత పెరిగి, సాయంత్రానికి బాగా ఉరవడి అందుకుంటుంది. ఉదయం మోకాలి కిందికి తగిలిన నీరు తిరిగి వచ్చేసరికి తొడల వరకు రావచ్చు. కాబట్టి మధ్యాహ్నం 3 గంటలకల్లా ఆ వాగును తిరిగి దాటి తీరాలని నియమం పెట్టుకుందాం. సరస్సు నుంచి వాగు వరకు దిగడానికి విశ్రాంతితో సహా సుమారు 2 గంటల 50 నిమిషాలు పడుతుంది, దానికి 40 నిమిషాల వెసులుబాటు కలపాలి. అంటే సరస్సు కనిపిస్తున్నా, దానికి ఇంకా 400 మీటర్లే ఉన్నా, 11:30కు వెనుదిరగాలి.

ఇప్పుడు అదే లెక్కను వెనక్కు నడిపించి ఒక చిన్న కాగితం మీద రాసుకోవచ్చు:

- మెట్టు అడుగున: అనుకున్న వేళ 7:15, ఆలస్యానికి హద్దు 7:50
- మెట్టు పైన: అనుకున్న వేళ 8:55, ఆలస్యానికి హద్దు 9:30
- సరస్సు దగ్గర: అనుకున్న వేళ 10:55, ఆలస్యానికి హద్దు 11:30

ఈ కాగితం విలువ మెట్టు పైన తెలుస్తుంది. 9:45కు అక్కడికి చేరితే సరస్సు దాకా వెళ్లే అవకాశం ఆ రోజుకు లేదని అది చెబుతుంది. ఆ మాట బండరాళ్ల మధ్యకు వెళ్లిన తరువాత కాక, వెళ్లకముందే తెలియడం ఎంతో మేలు. గమ్యం దగ్గరపడిన కొద్దీ మనసు తనకు అనుకూలమైన లెక్కలు వేసుకుంటుంది. పక్కనున్నవారు ఉత్సాహంగా ఉంటే అది ఇంకా ఎక్కువ. అలసట లేని రోజున, బల్ల ముందు కూర్చుని, ప్రశాంతంగా వేసుకున్న లెక్కకే ఆ క్షణంలో మాట చెల్లాలి.

వేళతో పాటు మరికొన్ని షరతులు కూడా రాసుకోవాలి. మోకాలిని మించిన ఉరవడి నీరు, నిటారు చాలులో, అంటే కొండగోడలోని ఇరుకు గాడిలో, గట్టిపడిన మంచు, ఉరుము వినిపించడం, ఎవరికైనా ఎత్తు వల్ల తలనొప్పితో పాటు వికారం రావడం వంటివి. వీటిలో ఏ ఒక్కటి ఎదురైనా చర్చ లేకుండా వెనుదిరగాలని బృందమంతా ముందుగానే ఒప్పుకోవాలి.

కాలం, వాతావరణం

ఏ నెలలో వెళ్లాలన్నది సరస్సు దగ్గర మంచు ఎప్పుడు కరుగుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. ఉత్తరార్ధగోళంలో ఉత్తరానికి తిరిగి ఉన్న వాలుల మీద, నీడపట్టు చాలుల్లో మంచు వారాల తరబడి ఎక్కువ నిలుస్తుంది. తెల్లవారుజామున ఆ మంచు గాజులా గట్టిగా ఉంటుంది, మధ్యాహ్నానికి మెత్తబడి కాలు దిగబడుతుంది. వాగు మీద వంతెనలా పరచుకున్న మంచు అడుగు నుంచి కరుగుతూ వస్తుంది గనుక పైనుంచి ఎంత దట్టంగా కనిపించినా దాని మీద నడవకూడదు. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద మంచు పేరుకుని ఉంటే అది మంచు చరియలు విరిగి జారే వాలు. ఆ కాలంలో, ఆ వాలు కింద నుంచి వెళ్లే దారిని ఎంచుకోకపోవడమే సరైన ప్రణాళిక.

వాతావరణ సూచనను లోయ కింది ఊరికి కాక, మీరు చేరబోయే ఎత్తుకు చూడాలి. సగటున ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత 6.5 డిగ్రీలు తగ్గుతుంది. బయలుదేరిన చోట 15 డిగ్రీలు ఉంటే 1,200 మీటర్ల పైన అదే సమయానికి 7 డిగ్రీలు ఉండవచ్చు. గాలి దానికి తోడైతే చలి మరింత పెరుగుతుంది. 5 డిగ్రీల వద్ద గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్ 1 డిగ్రీలా తగులుతుంది. మూడు రోజుల ముందు నుంచి రోజూ సూచన చూస్తే, అది స్థిరంగా ఉందో, పూటకోరకంగా మారుతోందో తెలుస్తుంది. మారుతున్న సూచనను నమ్మి పొడవైన లోయలోకి వెళ్లకూడదు. నిన్న, మొన్న పడిన వానను కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే ఈరోజు ఆకాశం తేటగా ఉన్నా వాగులు ఆ వాననే మోసుకొస్తుంటాయి.

వేసవి పర్వతాలలో ఉరుముల మబ్బులు ఎక్కువగా మధ్యాహ్నం తరువాత కడతాయి. పొద్దున్నే బయలుదేరడానికి ఇది మరో కారణం. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేసరికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కించి 3తో భాగిస్తే అది ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. 30 సెకన్లలోపు వినిపిస్తే ప్రమాదపు హద్దులో ఉన్నట్టే. అటువంటప్పుడు ఎత్తైన గట్లను, ఒంటరి చెట్లను, లోతులేని గుహల నోళ్లను వదిలి పల్లానికి దిగాలి, బృందంలోనివారు ఒకరికొకరు ఎడంగా ఉండాలి. చివరి ఉరుము వినిపించిన తరువాత 30 నిమిషాలు గడిచే వరకు మళ్లీ పైకి కదలకూడదు.

వాగులు, వదులు రాళ్లు

వాగు దాటవలసి వస్తే ఇరుకైన చోటును కాక, నీరు వెడల్పుగా పరచుకుని పాయలుగా పారే చోటును వెతకాలి. ఇరుకు చోట నీరు లోతుగా, వేగంగా ఉంటుంది. కింది వైపున జలపాతమో, బండల ఇరుకో ఉంటే ఎంత సులువుగా కనిపించినా అక్కడ దాటకూడదు. బూట్లు విప్పకుండా, వీపు సంచి నడుము బెల్టు, ఛాతీ పట్టీ విప్పుకుని, నీరు వచ్చే వైపుకు ముఖం పెట్టి, చేతికర్రలు ఆనించి, ఒక అడుగు నిలదొక్కుకున్నాకే రెండో అడుగు వేయాలి. సంచి బెల్టు ఎందుకు విప్పాలంటే, పడిపోతే సంచి మనిషిని నీటిలోకి లాగకుండా వెంటనే వదిలించుకోవడానికి. నీరు బురదగా మారినా, అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపించినా దాటే ఆలోచన మానుకోవాలి.

రాలే రాళ్ల విషయంలో ఎండకు పెద్ద పాత్ర ఉంది. రాత్రి పగుళ్లలో గడ్డకట్టిన మంచు రాళ్లను పట్టి ఉంచుతుంది, ఎండ తగిలి అది కరిగినప్పుడు రాళ్లు వదులవుతాయి. కాబట్టి గోడల కిందుగా వెళ్లే భాగాలను ఎండ పడకముందే దాటేలా కాలపట్టికను సర్దుకోవాలి. విశ్రాంతి కోసం చాలుల కింద ఎప్పుడూ కూర్చోకూడదు. వదులు రాళ్ల వాలు మీద ఒకరి కింద ఒకరు ఉండకుండా, పక్కపక్కగా గాని ఒక్కొక్కరుగా గాని దాటాలి. రాయి జారితే ఎంత చిన్నదైనా గట్టిగా కేక వేయాలి. దారిలో రాళ్లు రాలే భాగం ఎక్కువగా ఉంటే హెల్మెట్ పెట్టుకోవడానికి మొహమాటపడనక్కరలేదు.

శరీరం, తోటివారు

11 గంటల రోజుకు శరీరాన్ని కనీసం ఆరు, ఎనిమిది వారాల ముందు నుంచి అలవాటు చేయాలి. వారంలో రెండు మూడు సార్లు నడక, ఒకసారి సంచి బరువుతో మెట్లు ఎక్కడం, దిగడం చేయాలి. దిగడాన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే మోకాళ్లు, తొడలు చెప్పే అసలు కథ దిగేటప్పుడే ఉంటుంది. అసలు నడకకు రెండు వారాల ముందు దానిలో మూడింట రెండు వంతుల ఎత్తు ఎక్కి దిగి చూడండి. ఆ రోజు పట్టిన కాలాన్ని నైస్మిత్ లెక్కతో పోలిస్తే మీ సొంత వేగం ఎంతో తెలుస్తుంది. బృందంలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగమే బృందం వేగం. కాలపట్టికను వారికోసమే వేయాలి.

2,500 మీటర్లు దాటిన చోట ఎత్తు వల్ల కలిగే అస్వస్థత రావచ్చు, అది దృఢకాయులను కూడా వదలదు. మైదానం నుంచి వచ్చినవారు మరునాడే ఎత్తైన లోయలోకి వెళ్లకుండా, ఒకటి రెండు రాత్రులు మధ్య ఎత్తులో గడపడం మంచిది. తలనొప్పికి వికారం, తడబాటు తోడైతే దానికి మందు కిందికి దిగడమే.

ఒంటరిగా వెళ్లవద్దని చెప్పడం నా అభిప్రాయం. ముగ్గురు ఉంటే ఒకరికి దెబ్బ తగిలినప్పుడు ఒకరు తోడుండి, మరొకరు సాయం కోసం వెళ్లగలరు.

సంచిలో ఏముండాలి

ఏ వస్తువైనా ఒకే ప్రశ్నతో ఎంచుకోవాలి: ఒకరు కదలలేని స్థితిలో రాత్రంతా ఇక్కడ ఉండవలసి వస్తే ఇది పనికొస్తుందా? ఆ లెక్కన హెడ్‌ల్యాంప్, దానికి అదనపు బ్యాటరీలు, పలుచని అత్యవసర దుప్పటి లేదా సంచి, వెచ్చని జాకెట్, గాలికి వానకు ఆగే పై జాకెట్, టోపీ, చేతితొడుగులు, ఈల, ఫస్ట్ ఎయిడ్ కిట్, కాగితపు పటం, దిక్సూచి ఎండ కాసే రోజున కూడా తప్పనిసరి. నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఒంటి వేడిని పీల్చేస్తాయి, అందుకే ఒంటికి ఆనుకునే పొర ఉన్నిది గాని సింథటిక్‌ది గాని కావాలి. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే పడిపోతే అది హైపోథర్మియా. గడ్డకట్టే చలి లేకపోయినా తడి, గాలి, అలసట కలిస్తే అది వస్తుంది. వణుకు, తడబడే మాట, బొత్తాలు పెట్టుకోలేని వేళ్లు కనిపించిన వెంటనే పొడి బట్టలు, గాలి తగలని చోటు, తీపి ఆహారం అందించాలి.

బూట్లు కొత్తవి కాకూడదు. గోళ్లు ముందు రోజే కత్తిరించుకోకపోతే దిగుడులో వేళ్ల చివర్లు నలిగిపోతాయి. ఎత్తు పెరిగే కొద్దీ అతినీలలోహిత కిరణాలు ప్రతి 1,000 మీటర్లకు సుమారు 10 శాతం పెరుగుతాయి, తాజా మంచు వాటిలో చాలా భాగాన్ని తిరిగి పైకి చిమ్ముతుంది. కాబట్టి కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ మరచిపోకూడదు.

నీరు గంటకు అర లీటరు చొప్పున లెక్కించాలి. మొత్తం మోయడం కష్టం కనుక 2 లీటర్లు మోసి, మిగిలినది దారిలో శుద్ధి చేసుకోవచ్చు. హిమానీనదం నుంచి వచ్చే నీటిలో పిండి లాంటి రాతి పొడి ఉండి ఫిల్టరును మూసేస్తుంది, దానిని కాసేపు తేర్చి వాడుకోవాలి, లేదా పక్కనున్న తేటనీటి ఊటను ఎంచుకోవాలి. కాచి తాగేటట్లయితే 2,000 మీటర్ల పైన 3 నిమిషాలు మరగనివ్వాలి. ఆహారం నడుస్తూ తినగలిగేదై, చలికి రాయిలా మారనిదై ఉంటే చాలు. ఆకలి వేయకముందే గంటకోసారి కొంచెం తినాలి.

ఇంట్లో వదిలి వెళ్లవలసిన కాగితం

లోయలో సెల్‌ఫోను సిగ్నలు ఉంటుందని అనుకుని ప్రణాళిక వేయకూడదు. గోడలు దానిని రానివ్వవు. అందుకే నమ్మకమైన ఒకరి దగ్గర దారి గీసిన పటం, పేర్లు, వాహనం నంబరు, వెనుదిరిగే వేళ, బయటపడే వేళ, ఇంకా ముఖ్యంగా ఏ గంట దాటాక ఫోను రాకపోతే రక్షణ బృందానికి చెప్పాలో రాసి ఇవ్వాలి. ఆ ప్రాంతపు పర్వత రక్షణ సంస్థ నంబరు కూడా అందులోనే ఉండాలి. ఐరోపాలోనూ భారతదేశంలోనూ 112 అత్యవసర నంబరు. దారి మార్చుకుంటే ఆ మాట వారికి చేరే వీలు లేదు కనుక దారి మార్చకూడదు.

ఫోనులో పటాలను ముందే దించుకుని, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఒంటికి దగ్గరగా లోపలి జేబులో ఉంచుకోవాలి. చలికి బ్యాటరీ త్వరగా నీరసపడుతుంది. తరచుగా వెళ్లేవారు ఉపగ్రహ సందేశ పరికరం కొనుక్కోవడాన్ని నేను గట్టిగా సమర్థిస్తాను. ఏదీ లేనప్పుడు పర్వత ప్రాంతాల్లో వాడే ఆపద సంకేతం ఉంది. నిమిషంలో ఆరుసార్లు ఈల వేయాలి లేదా దీపం చూపాలి, ఒక నిమిషం ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. నిమిషానికి మూడుసార్లు జవాబు వస్తే విన్నారని అర్థం. బృందంలో ప్రతి ఒక్కరికీ ఇది నోటికి వచ్చి ఉండాలి.

నడిచే రోజు

ముందు రాత్రే సంచి సర్ది, తెల్లవారుజామున తాజా వాతావరణ సూచన ఒక్కసారి చూసి, మొదటి గంట ఊపిరి ఆడకుండా కాక మాట్లాడుకోగలిగే వేగంతో నడవాలి. చదును బాట మీద పరుగు తీసినవారే మెట్టు మీద ఆగిపోతారు. ప్రతి మలుపు దగ్గర ఒకసారి వెనక్కు తిరిగి చూడండి, ఎందుకంటే సాయంత్రం మీకు కనిపించబోయేది ఆ దృశ్యమే. బండరాళ్లలో బాట మాయమయ్యే చోట వెనక్కి కనిపించే గుర్తును ఫొటో తీసుకోండి. వాగు దాటిన చోట నీరు ఏ రాయి వరకు ఉందో గమనించి పెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు అది మునిగి ఉంటే నీరు ఎంత పెరిగిందో కళ్లకు కనిపిస్తుంది. కాగితం మీది ప్రతి వేళ దగ్గర అసలు చేరిన వేళను పెన్సిలుతో రాయండి.

దిగేటప్పుడు మెట్టు పైన ఆగి తిని, బూట్ల తాళ్లు బిగించి, కర్రల పొడవు కొంచెం పెంచుకుని దిగడం మొదలుపెట్టాలి. గమ్యం చూసి వచ్చామన్న తృప్తితో మనసు సడలి, అడుగు నిర్లక్ష్యంగా పడే గంట అదే. వాగు దాటి అడవి బాటలోకి వచ్చాక కూడా కలిసే నడవాలి, ముందు వెళ్లేవారు ప్రతి చీలిక దగ్గర వెనుకవారి కోసం ఆగాలి.

బయటపడగానే, బట్టలు కూడా మార్చుకోకముందే, కాగితం వదిలి వచ్చిన వ్యక్తికి క్షేమంగా తిరిగి వచ్చామని కబురు పంపాలి. సిగ్నలు దొరికే చోటు దూరమైతే ఆ ప్రయాణ కాలాన్ని కూడా గడువులో ముందే కలిపి ఉండాలి. ఆ తరువాత పెన్సిలుతో రాసిన వేళలను లెక్కతో పోల్చి, ఏ భాగంలో ఎంత ఎక్కువ పట్టిందో కాగితం వెనుక రాసి దాచుకోండి. తరువాతి లోయకు కాలం లెక్కగట్టేటప్పుడు ఆ అంకెలతోనే మొదలుపెట్టాలి.